సైలెన్సర్ తుడవాలంటే వాకిట్లోకి రండి

పోయిన నెల కుట్టుమిషన్‌కు నూనె పెట్టే సంగతి రాస్తిని. ఆడవాళ్ళు నలుగురు దారిలో నిలబెట్టి బాగుండాది అనిరి. మగపిల్లలు మాత్రం ఒప్పుకోలేదు. "తాతా, మిషన్ గురించి రాసినావు, మా బండి గురించి ఎప్పుడు రాస్తావు?" అని అడగబట్టిరి. చిత్తిరి నెల దగ్గర పడింది. అవినాశి తేరు అంటే చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వస్తాయి. మన పిల్లలు కొత్త చొక్కా కంటే ముందు బండిని తళతళ మెరిపిస్తారు. అందులోనూ సైలెన్సర్. అది మెరిస్తే బండి కొత్తది అయినట్టే లెక్క. కాబట్టి ఈ నెల దాని గురించే.

మా ఇంట్లో ఉండేది హీరో హోండా స్ప్లెండర్. మిల్లులో నాకు వచ్చిన సెటిల్‌మెంటు డబ్బులో కొంత పెట్టి కొన్నది. ఇప్పుడు మా పెద్దోడు నడుపుతాడు, బనియన్ కంపెనీకి పోయి రావడానికి. పోయిన నెల మెకానిక్ చూసి, "సైలెన్సర్ అడుగున పోయింది, కొత్తది వేసుకోండి" అన్నాడు. మావాడు సరే అని తలూపి వచ్చినాడు. నేను ఒప్పుకోలేదు. ముందు విప్పి చూద్దాం, తర్వాత కొందాం అంటిని. ముప్పై ఏళ్ళు రింగ్ ఫ్రేం దగ్గర నిలబడినోడిని. చెడిపోయిన సామాను విప్పి చూడకుండా పారేసే అలవాటు నాకు లేదు.

బడి చదువు లేనివాళ్ళకు ఇవన్నీ ఎందుకు అనేవాళ్ళు ఉంటారు. నేను అయిదో తరగతి. మన జి.డి. నాయుడుగారు కూడా బడితో పడనివారే. 1893లో కలంగల్‌లో పుట్టినారు. ఒక తెల్లదొర, రెవెన్యూ ఆఫీసరు, రడ్జ్ మోటారు సైకిల్ మీద ఊళ్ళోకి రావడం చూసి దాని మీద మనసు పడినారు. కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వర్‌గా పని చేసి, పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నాక ఏం చేసినారు? తిరగలేదు. ముక్క ముక్కగా విప్పి, మళ్ళీ బిగించినారు. తర్వాత 1920లో పొల్లాచ్చి, పళని నడుమ ఒక్క బస్సుతో మొదలుపెట్టి యు.ఎం.ఎస్. బస్సు కంపెనీని పెంచినారు. ఈ మధ్య కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద కట్టిన పెద్ద వంతెనకు ఆయన పేరే పెట్టినారు. ఆ వంతెన మీద రయ్యిమని పోయే పిల్లలకు ఈ కథ తెలిస్తే మంచిది.

సరే, సైలెన్సర్‌కు వస్తాం. పైన మెరుపు సంగతి తర్వాత, ముందు లోపల ఏమవుతుందో చెప్తాను. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీళ్ళు పుడతాయి. నమ్మరు, నేనూ మొదట నమ్మలేదు. పెట్రోలులో ఉండే హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తే తెల్లగా పొగ వస్తుంది కదా, దాంట్లో చాలా వరకు ఈ ఆవిరే. సైలెన్సర్ బాగా వేడెక్కితే ఆవిరి బయటికి పోతుంది. చల్లగా ఉంటే లోపలే నీళ్ళై నిలుస్తుంది. కాలిన పొగలో ఉండే పుల్లని సరకు ఆ నీళ్ళలో కలిసి ఇనుమును తింటుంది.

ఇప్పుడు మనవాళ్ళ బళ్ళు ఎక్కడ నడుస్తాయో చూడండి. లైను ఇంటి నుంచి మిల్లు గేటుకు, గేటు నుంచి ఇంటికి. రెండు కిలోమీటర్లు లేదు. ఇంజన్ వేడెక్కే లోపల ఆపేస్తాం. రోజుకు నాలుగు సార్లు ఇదే. అందుకే మన బళ్ళ సైలెన్సర్ పైన బాగానే కనిపిస్తూ అడుగున జల్లెడ అవుతుంది. దూరం పోయే బండికి ఇంత తొందరగా రాదు. వారానికి ఒకసారైనా ఒక పది, పదిహేను కిలోమీటర్లు నడపండి, లోపల ఆరుతుంది. చాలా బళ్ళ సైలెన్సర్‌కు అడుగున, వెనక చివర, సూది పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. తుప్పు పట్టి పడిన రంధ్రం కాదు అది, నీళ్ళు కారిపోవడానికి కంపెనీవాళ్ళు పెట్టింది. బురదతో మూసుకుపోతే సన్న తీగతో తెరవండి. ఓట అనుకుని ఎం-సీల్ పెట్టి మూసినవాణ్ణి నేను చూసినా. పేరు చెప్పను, చదువుతూ ఉంటాడు.

ఇక పని. బండి ఆపి కనీసం గంట, వీలైతే రాత్రంతా చల్లారనివ్వండి. పొద్దున్నే చేయడం మేలు. వేడి సైలెన్సర్ మీద చన్నీళ్ళు పోస్తే మెరుపు పూత చిట్లుతుంది, చెయ్యి కాలుతుంది. చిన్నపిల్లలు బండి దిగేటప్పుడు పిక్కకు సైలెన్సర్ అంటుకోవడం మన ఇళ్ళల్లో కొత్త కాదు. అంటుకుంటే మామూలు చన్నీళ్ళు 20 నిమిషాలు ధారగా పోయండి. పేస్టు పూయడం, సిరా పూయడం, పసుపు అద్దడం వద్దు. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికి పోవాల.

కడిగే ముందు వెనక పొగ వచ్చే నోటికి ఒక ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేయండి. నీళ్ళు లోపలికి పోకూడదు. కడిగినాక ఆ కవరు తీయడం మరవొద్దు. మొదట ఒట్టి నీళ్ళతో మట్టి పోగొట్టాల. మట్టి మీదే గుడ్డ పెట్టి రుద్దితే అది ఉప్పుకాగితం పెట్టినట్టే, గీతలు పడతాయి. తర్వాత బట్టల సబ్బు కాదు, తల రుద్దుకునే షాంపూ ఒక పొట్లం అర బకెట్ నీళ్ళలో కలిపి మెత్తని గుడ్డతో తుడవండి. గ్రీజు, చైన్ నూనె చిమ్మిన మరకలు ఉంటే కొంచెం సీమెణ్ణె గుడ్డకు అద్ది తుడిచి, మళ్ళీ షాంపూతో కడగాల. ఆ పని కూడా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, బీడీ ముట్టించకుండా.

మన నీళ్ళ సంగతి మీకు తెలుసు. బోరు నీళ్ళు ఉప్పు. టీ పెట్టే గిన్నె అడుగున తెల్లగా కడుతుంది. అదే తెలుపు సైలెన్సర్ మీద చుక్కలు చుక్కలుగా ఆరుతుంది. అత్తిక్కడవు పథకం 2024లో మొదలై చెరువులకు నీళ్ళు వస్తుండాయి, బోరు నీళ్ళ రుచి ఎప్పటికి మారుతుందో చూడాల. అంతవరకు చివర ఒక చెంబు తాగే నీళ్ళతో కడిగి, ఎండకు ఆరనివ్వకుండా వెంటనే గుడ్డతో తుడవండి. ఎండలో పెట్టి కడగొద్దు. ముందే తెల్ల చుక్కలు పడి ఉంటే నిమ్మరసం కొంచెం నీళ్ళలో కలిపి అద్ది, ఒక నిమిషం ఉంచి, కడిగేయండి. పులుపును ఉంచి మరచిపోతే అదే తుప్పుకు దారి.

గుడ్డ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిరుప్పూరు బనియన్ వేస్టు లేకుండా మెకానిక్ షెడ్డు ఏది? కిలో లెక్కన పోతుంది. కానీ ఇప్పటి వేస్టులో పాలిస్టర్ కలుస్తుంది. అది నీళ్ళు పీల్చదు, వేడి పైపు తగిలితే కరిగి అంటుకుంటుంది. ఎలా కనిపెట్టాల? మిల్లులో మనం చేసినట్టే. ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు. ముడుచుకుపోయి కొసన గట్టి పూస కడితే పాలిస్టర్. నూలు ముక్కలే, అందులోనూ తెల్లవి ఏరుకోండి, రంగువి సాయం వదులుతాయి. కుట్టు ఉన్న ముక్క, లేబుల్ ఉన్న ముక్క పక్కన పెట్టండి. విరిగిన సూది ముక్క ఉండిపోయిన గుడ్డతో పూత మీద గీత పడితే అది జన్మకు పోదు.

పూత గురించి ఒక మాట. సైలెన్సర్ మీద వెండిలా మెరిసేది క్రోమియం. అది ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే పలచన. దాని కింద నికెల్, దాని కింద ఇనుము. పైకి గట్టిగా కనిపిస్తుంది, నిజానికి దానిలో కంటికి కనబడని సందులు ఉంటాయి. తేమ ఆ సందుల్లోంచి దిగి కింద ఇనుమును పట్టుకుంటుంది, ఎర్ర చుక్కగా పైకి వస్తుంది. ఇంత పలచని పూత మీద ఉప్పుకాగితం, ఇటుక పొడి, గిన్నెలు తోమే ఇనుప పీచు పెట్టేవాళ్ళను ఏమనాల? ఆ రోజు మెరుస్తుంది. మూడు నెలల్లో మొత్తం ఎర్రబడుతుంది.

చుక్కల తుప్పుకు నా దగ్గర ఉన్న మందు చవకది. హోటల్లో పార్సిల్ చుట్టే అల్యూమినియం కాగితం. దాన్ని అరచేతంత చించి, ఉండలా నలిపి, నీళ్ళలో ముంచి, తుప్పు మీద మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమియం కంటే మెత్తన, గీతలు పడవు. కానీ తుప్పును లాగేస్తుంది. నల్లటి బురద వస్తుంది, అది తుడుస్తూ, మళ్ళీ నీళ్ళు చల్లుతూ చేయాల. పొడిగా రుద్దొద్దు. పావుగంటలో తేడా కనబడుతుంది. తుప్పు లోతుగా పోయి పూత లేచిపోయిన చోట ఇది పని చేయదు, అక్కడ ఏదీ పని చేయదు. తర్వాత బ్రాసో లాంటి మెటల్ పాలిష్ గుడ్డ కొసకు కొంచెం అద్ది తుడిస్తే చాలు, ప్రతి వారం వద్దు, ఆరు నెలలకు ఒకసారి. నల్ల రంగు వేసిన సైలెన్సర్‌కు మాత్రం పాలిష్ పెట్టొద్దు, రంగు ఊడి వస్తుంది. దానికి షాంపూ నీళ్ళు, ఆరిన గుడ్డ అంతే. రంగు పోయి ఉంటే వేడి తట్టుకునే సైలెన్సర్ పెయింటు అంగట్లో దొరుకుతుంది, గోడకు వేసే రంగు వేస్తే మొదటి రోజే పొగై పోతుంది.

చివర మెరుపు కోసం కొబ్బరి నూనె పూసేవాళ్ళు ఉండారు. మా ఇంటి పక్క పిల్లోడు పూసినాడు. బండి తీయంగానే ఇల్లంతా వేపుడు వాసన, పైపు మీద చాయ రంగు మరకలు. కారుకు పూసే మైనం ఉంటే వెనక డబ్బా మీద పలచగా పూయండి, ఇంజన్ దగ్గరి వంపు పైపు మీద ఏమీ వద్దు.

యాసిడ్ మాట చెప్పకుండా పోతే నేను అబద్ధం ఆడినట్టు. 1990ల్లో నా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ రాజ్‌దూత్ ఉండేది. సైలెన్సర్ తుప్పు పోవాలని బాత్రూం కడిగే యాసిడ్ పోస్తిని. బుస్సుమని పొంగి, తుప్పంతా పోయి, కొత్తదిలా అయిపోయె. నేను పెద్ద ఇంజనీరు అనుకున్నా. అయిదు రోజులకు సైలెన్సర్ అంతా గోధుమ రంగు. ఆ యాసిడ్ క్రోమియంను కరిగిస్తుందని నాకు అప్పుడు తెలియదు. ఇంకో వింత, పక్కన గోనె సంచి మీద పెట్టిన స్పానర్లకు యాసిడ్ తగలనే లేదు, దాని ఆవిరికే అన్నీ తుప్పు పట్టె. అదే ఆవిరి నా ఛాతీలోకి కూడా పోయి ఉంటుంది కదా. మా నాయన చూసి, "చేసిన తెలివి చాలు" అని ఒక్క మాట అనె.

వానాకాలంలో వచ్చే పీడ ఇంకొకటి, రెయిన్ కోటు. కొస జారి వేడి పైపు మీద పడి కరిగి నల్లగా అంటుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు గీకితే పూత కూడా వస్తుంది. బండిని వాకిట్లో రెండు నిమిషాలు నడిపి, ఆపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు చెక్క గరిటె కొసతో మెల్లగా తీయండి. మిగిలిన మరకకు పైన చెప్పిన అల్యూమినియం ఉండ. చాకు, బ్లేడు వద్దు.

ఇంజన్ పక్క వంపు పైపు నీలంగా మారిందని ఒక చెల్లెలు కొడుకు అడిగినాడు. ఇనుము వేడెక్కితే మొదట గడ్డి రంగు, తర్వాత ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం అవుతుంది. కమ్మరి కొలిమి దగ్గర చూసినవాళ్ళకు ఇది తెలుసు. కొంచెం రంగు మారడం మామూలే, పాలిష్‌తో కొంత తగ్గుతుంది. పైపు ముందు లేనంతగా ఉన్నట్టుండి నీలం ఎక్కితే మాత్రం రుద్దడం ఆపి కార్బొరేటర్ చూపించండి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే ఇంజన్ వేడెక్కుతుంది. వెనక నోటి మసి కూడా కబురు చెప్తుంది. వేలు పెట్టి చూడండి. పొడిగా బూడిద రంగు, కాఫీ రంగు ఉంటే బాగుండాది. నల్లటి పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతుంది. అప్పుడు సైలెన్సర్ ఎంత మెరిసినా ఖర్చు వేరే చోట కాచుకుని ఉంటుంది.

పాత టూ స్ట్రోక్ బళ్ళు, టీవీఎస్ 50, ఆర్ఎక్స్ 100 ఇంకా పెట్టుకున్నవాళ్ళు మనలో ఉండారు. వాటిలో పెట్రోలుతో ఆయిల్ కలిసి కాలుతుంది కాబట్టి లోపల బంక మసి పేరుకుంటుంది. బండి గట్టు ఎక్కదు, ఇంజన్ పోయింది అనుకుంటారు. వెనక ఒక బోల్టు విప్పి బాఫిల్ పైపు లాగి, ఇనుప బ్రష్షుతో మసి దులిపితే సగం బలం తిరిగి వస్తుంది. మా కాలంలో ప్రాసెసింగ్ డిపార్టుమెంటు స్నేహితుడు ఒకడు కాస్టిక్ సోడా తెచ్చి నానబెట్టేవాడు. మసి కరుగుతుంది, నిజమే. ఒకసారి వాళ్ళింట్లో సత్తు గిన్నెలో కలిపినాడు. కాస్టిక్ అల్యూమినియంను తింటుంది. గిన్నె పొగలు కక్కి, కుతకుత ఉడికి, అడుగు పోయె. ఆ వచ్చేది మండే గ్యాస్. చేతికి తగిలితే సబ్బులా జారుతుంది, జారేది చర్మం. కంటికి పడితే చూపే పోవచ్చు. ఇంట్లో దాని జోలికి పోవద్దు, బ్రష్షు చాలు. ఆ నీళ్ళు మోరీలో పోయడం కూడా మంచిది కాదు. సాయపు నీళ్ళకు నొయ్యల్ ఏమైందో, 2011లో హైకోర్టు సాయం వేసే పట్టరలు మూయిస్తే ఎంతమంది పని లేక కూర్చున్నారో మనం చూసినాం.

కొత్త బళ్ళకు ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బళ్ళ సైలెన్సర్‌లో తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది. దాని మీద ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు పూసి ఉంటారు, పొగలోని విషాన్ని తగ్గించడానికి. పైపుకు ఒక సెన్సార్, దానికి ఒక వైరు ఉంటాయి. వీటి లోపల నీళ్ళు, సబ్బు, ఏదీ పోయొద్దు. వైరు లాగొద్దు. పైన తుడుచుకోండి, అంతే.

బాఫిల్ పీకేసి, సైలెన్సర్‌కు తూట్లు పొడిచి పటపట సద్దం చేసే పిల్లలకు రెండే మాటలు. మోటారు వాహనాల చట్టం ప్రకారం దానికి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. ఇంకొకటి, లైనులో ప్రతి మూడో ఇంట్లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాడు పగలు పడుకుని ఉంటాడు. మగ్గాల షెడ్డులో పని చేసినవాళ్ళకు చెవులు ముందే సగం పోయినాయి. మిగిలిన సగం వాళ్ళకు ఉండనివ్వండి.

ఇప్పుడు ఈ నెల ఎందుకు ఇంత రాస్తుండానో ఆ సంగతి. కడిగినాక సైలెన్సర్‌ను ఆరబెట్టాలంటే ఇంజన్ కొంతసేపు నడపాల. ఆ పని ఎక్కడ చేస్తారు అనేదే ప్రశ్న.

రెండేళ్ళ ముందు, అయిప్పసి నెల. పొద్దున ఎండ ఉండాదని వాకిట్లో బండి కడిగితిని. కవరు కట్టడం ఆ రోజు నేనే మరచిపోతిని, లోపలికి నీళ్ళు పోయినాయి. ఇంతలో వాన పట్టుకుంది. బండిని ఇంటి పక్క రేకుల గదిలోకి నెడితిమి. ఆ గదికి ఒక షట్టరు, వంటింట్లోకి ఒక తలుపు. మా ఇంటామె, కోడలు అక్కడే కూర్చుని బనియన్లకు పిసురు కత్తిరిస్తుండారు. పీసు లెక్క పని, సాయంకాలానికి కట్టలు ఇవ్వాల. వాన జల్లు కొట్టి కట్టలు తడుస్తాయని షట్టరు దించినారు. నేను మావాడికి చెప్తిని, "లోపల నీళ్ళు నిలిస్తే తుప్పు పడుతుందిరా, ఒక పావుగంట ఇంజన్ ఆన్ చేసి పెట్టు" అని. చెప్పింది నేనే. వాడు ఆన్ చేసి ఫోన్ వస్తే ముందర తిన్నె మీదికి వచ్చినాడు. నేనూ అక్కడే కూర్చుని వాన చూస్తుండా. బండి శబ్దం మెల్లగా వినబడుతుండాది, బాగుండాది కదా అనుకుంటిని.

మా ఇంటామెకు తల నొప్పి మొదలైంది. టీ తాగలేదని అనుకుంది. కోడలికి కడుపులో తిప్పింది, పొద్దున తిన్నది పడలేదు అనుకుంది. పొగ వాసన కొంచెం వచ్చింది గానీ, బండి కదా వస్తుంది అనుకున్నారు. మనవరాలు, అప్పుడు ఆరేళ్ళు, బనియన్ కట్టల మీద పడుకుని ఉంది. నిద్ర పోతుంది అనుకున్నారు. కోడలు టీ పెట్టడానికి లేచి, వంటింటి గడప దగ్గర కాళ్ళు తేలిపోయి పడిపోయింది. ఆ గిన్నె పడిన చప్పుడుకు మావాడు లోపలికి పరుగెత్తినాడు. నాకు వినబడలేదు. వాడు అరిచిన అరుపు వినబడింది.

షట్టరు ఎత్తితిమి, బండి ఆపితిమి. పాపను లేపితే లేవలేదు. మెడ వాలిపోయి ఉంది. ఎత్తుకుని వానలో వాకిట్లో నిలబడితిమి. తడుస్తుందని మా ఇంటామె కొంగు కప్పబోయింది, మావాడు వద్దమ్మా గాలి తగలనీ అన్నాడు. వాడికి ఎలా తోచిందో, ఆ మాట సరైనదే. కొంచెం కళ్ళు తెరిచి కక్కింది. పక్కింటి తమ్ముడి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతిమి. డాక్టరమ్మ ముగ్గురినీ చూసి మొదట అడిగిన మాట, "ఇంట్లో మూసిన గదిలో ఏం మండింది?" అని. మేం ఏమీ మండలేదు అంటిమి. మంట మాత్రమే మండడం అనుకునేవాళ్ళం. తర్వాత మావాడు మెల్లగా, బండి, అన్నాడు. ముగ్గురికీ ముక్కుకు ఆక్సిజన్ పెట్టినారు. రాత్రి తొమ్మిదికి పాప ఇడ్లీ అడిగింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటిని. లేవడానికి చాలాసేపు పట్టింది.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెప్తాను. పెట్రోలు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకు వచ్చే వాసన మిగతా పొగది. అది రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోటులో కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన పట్టుతో. తలనొప్పి, తల తిరగడం, కక్కు, మత్తు. కూర్చున్నవాళ్ళకు నిద్ర వచ్చినట్టు ఉంటుంది, లేచి పోదామంటే కాళ్ళు రావు. పడుకున్నవాళ్ళు అలాగే పోతారు. 2000 తర్వాత వచ్చిన మన స్ప్లెండర్ లాంటి బళ్ళకు పొగ పరీక్షలో నూటికి 3.5 వంతుల వరకు ఈ గ్యాస్ ఉండవచ్చని ప్రభుత్వం లెక్క. గది గాలిలో నూటికి 0.12 వంతు చేరితేనే ప్రాణానికి ముప్పు. సర్టిఫికెట్ ఉన్న బండే మూసిన గదిని ఎంత తొందరగా నింపుతుందో మీరే చూసుకోండి. కిటికీ సగం తెరిచినా చాలదు. కొత్త బండి అయినా అంతే, చల్లగా ఉన్న ఇంజన్‌కు ఆ తేనెపట్టు వెంటనే పని చేయదు.

మిల్లులో దూది దుమ్ము మనం తిన్నాం. కార్డింగ్‌లో, బ్లో రూంలో పని చేసినవాళ్ళకు సెలవు తర్వాత సోమవారం పొద్దున ఛాతీ పట్టేసేది, గుర్తుందా. కానీ ఆ దుమ్ము కంటికి కనబడేది, కనురెప్పల మీద తెల్లగా కూర్చునేది. కనబడని దాని గురించి నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ కట్టలకు పొగ వాసన పట్టిందని మరుసటి రోజు కంపెనీ మనిషి తీసుకోలేదు. ఆ వారం ఇద్దరి కూలీ పోయింది. దానికి నాకు బాధ లేదు.

కాబట్టి ఆరబెట్టే పని వాకిట్లో. వాన వస్తే ఆరబెట్టొద్దు, తుప్పు పడితే పడనీ, మరుసటి రోజు రోడ్డు మీద పది కిలోమీటర్లు నడపండి. బండి వెనక నోరు ఇంటి తలుపు వైపు, కిటికీ వైపు ఉండకూడదు. కరెంటు పోయినప్పుడు గదిలో జనరేటరు పెట్టేవాళ్ళకు, చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకునేవాళ్ళకు కూడా ఇదే మాట. ఇంట్లో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, తల తిరగడం అంటే ముందు అందరూ బయటికి రండి, ఎందుకో తర్వాత వెతకండి. బయటికి వచ్చినాక తేలికగా ఉన్నా ఆసుపత్రికి పోవాల.

మా సైలెన్సర్ సంగతి మిగిలింది. ముందు రోజు రాత్రి ఇంజన్ దగ్గరి రెండు నట్లకు ఆయిల్ వేసి ఉంచితిమి, పొద్దున విరగకుండా వచ్చినాయి. తుప్పు పట్టిన నట్టును బలం పెట్టి తిప్పితే స్టడ్ ఇంజన్‌లోనే విరుగుతుంది, అప్పుడు సైలెన్సర్ ఖర్చుకు ఇంజన్ ఖర్చు తోడవుతుంది. విప్పి చూస్తే అడుగున పావలా బిళ్ళంత మేర పోయింది, మిగతా రేకు సుత్తి కొసతో తడితే గట్టిగానే పలికింది. నీళ్ళు కారే రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంది, అదే కారణం. వెల్డింగ్ పట్టరలో చిన్న రేకు అతికిస్తే సరిపోయింది. తిరిగి బిగించేటప్పుడు ఇంజన్ దగ్గరి గాస్కెట్ వలయం కొత్తది వేస్తిమి, పాతది వేస్తే పొగ అక్కడే లీకై పట్‌పట్ అంటుంది. స్టార్ట్ చేసి, పైపు వేడెక్కక ముందు, ఆ అతుకు దగ్గర సబ్బు నీళ్ళు అద్ది చూడండి. బుడగలు వస్తే నట్లు ఇంకొంచెం, రెండింటినీ మార్చి మార్చి, సమంగా బిగించాల.

ఈ తేరుకు మావాడి బండి బాగానే మెరుస్తుంది, అతుకు అడుగున ఉంది కాబట్టి కనబడదు. వచ్చే నెల చైన్, స్ప్రాకెట్ గురించి. అడగాలనుకున్నవాళ్ళు ఆదివారం పొద్దున మా ఇంటికి రండి, వాకిట్లోనే ఉంటాను.